మేము కాదు, మనం

“మావయ్యా, నీకు డబ్బులిస్తున్నది జనం అభిప్రాయాలు రాయడానికా, వాళ్ల వ్యాకరణం దిద్దడానికా?” అని సర్వే సూపర్‌వైజరు ఒకరోజు సొంత మేనమామను సూటిగా అడిగేసింది.

మావయ్య రిటైరైన భాషా పండితుడు. “మేము” అన్న మాట వింటే పంటికింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు. ఎదుటివాణ్ణి బయట నిలబెట్టి తలుపేసుకునే మాటట అది! పళ్ల డాక్టరు “మేం పీకేస్తాం” అంటే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి “మనం పీకేద్దాం” అనిపించాడు. “అలాగే లెండి, నొప్పి మాత్రం మీదే” అన్నాడు డాక్టరు.

అలాంటివాడికి సర్వే పని దొరికింది. పాత పాలకులు మూటాముల్లె సర్దుకుంటున్నారు. పక్క దేశంలో కలవాలా, విడిగా ఉండాలా అని ఇంటింటా అడగాలి. ఇంటికో ఫారం; అందులో పేరెక్కని మనిషికి నోరు లేనట్టే. అందరూ రోజుకు నలభై ఇళ్లు చుట్టేస్తుంటే మావయ్యవి తొమ్మిది దాటవు. ఈయన్ను సిఫారసు చేసిన పాపానికి చీవాట్లు తింటున్న మేనకోడలు, సంగతేమిటో తేల్చుకుందామని వెంట బయల్దేరింది.

మొదటి ఇంటి ఓనరు తొందరలో ఉన్నాడు. “రాసుకోండి. మేము నలుగురం. నలుగురిదీ విడిగా ఉండాలనే.”

“మనం అనండి.”

“ఏదో ఒకటి. మనం నలుగురం.”

“మనం అంటే వింటున్నవాళ్లూ కలుస్తారండీ. మేమిద్దరం బయటివాళ్లం, తీసేయండి.”

జన్మలో మొదటిసారి మావయ్య నోట “మేము” విని మేనకోడలు ఉలిక్కిపడింది.

“మరి, కుళాయి దగ్గర నిలబడి వింటున్న ఆవిడ?”

“నర్సు. వెనక గదిలో అద్దెకుంటోంది. ఎక్కణ్ణుంచో వచ్చింది.”

“ఎన్నాళ్లయింది?”

“పన్నెండేళ్లు.”

“ఇంకా వస్తూనే ఉందా?”

లోపల్నుంచి ఓనరు భార్య అందుకుంది: “మంచాన పడ్డ మీ అమ్మకి చేసినన్నాళ్లూ మన మనిషే కదా! ఫారం దగ్గరికొచ్చేసరికి పరాయిదైపోయిందా?”

“సరే సరే, ఐదుగురం.”

“చెప్పమ్మా, కలుద్దామా, విడిగా ఉందామా?”

నర్సు బకెట్టు నిండి పొర్లుతోంది. “నన్నింతవరకు ఎవరూ ఏదీ అడగలేదండీ. కాస్త ఆలోచించుకోనివ్వండి.”

“తొందరేముంది?” అంటూ మావయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. మేనకోడలు గడియారం చూడబోయి, ఆయన సంచిలోని పాత ఫారాలు తీసింది. ప్రతిదాని అడుగునా ఓ పేరు ఇరికించి ఉంది: ఒకచోట వంటావిడ, ఒకచోట కారుషెడ్డులో ఉండే దర్జీ, ఇంకోచోట మేడమీద ఒంటరి ముసలాయన. ఆమె వాటిని మళ్లీ సంచిలో సర్ది, ఆయన పక్కనే కూర్చుంది.

పావుగంటకు నర్సు తేల్చింది. “కలిస్తేనే మంచిదండీ.”

“హవ్వ!” అన్నాడు ఓనరు.

“మనలో మనకి తేడాలుంటాయండీ” అని మావయ్య హాయిగా రాసుకున్నాడు.

ఇళ్లు తక్కువయ్యాయని ఆయనకు ఆపేసిన పదకొండు రోజుల బత్తెం పాత ప్రభుత్వం ఇవ్వకుండానే వెళ్లిపోయింది. కొత్తది ఇంకా ఇవ్వలేదు.