కవరు విప్పని బాబాయి

మా బాబాయి పోస్ట్‌మన్. పాతికేళ్లుగా రోజుకు మూడు వందల ఇళ్లకు ఉత్తరాలు పంచుతున్నాడు. తనకొచ్చిన కవరు మాత్రం ఒక్కటీ విప్పి ఎరగడు.

చదువుకోసం నాలుగేళ్లు వాళ్లింట్లో ఉన్నాను కాబట్టి కళ్లారా చూశాను. తన కవరు తనే తెచ్చుకుని, బల్ల మీద పెట్టి, "చేరింది" అనేవాడు. ఆయన లెక్కలో ఉత్తరం చేరితే దాని జన్మ ధన్యమైనట్టే. తరవాత అవి మడతలుపడి, ఊగే కుర్చీల కాళ్ల కింద చేరేవి. వంటింటి బల్ల ఊగితే పిన్ని, "ఏవండీ, బ్యాంకువాళ్లు ఏమైనా పంపారా?" అని అడిగేది.

పిన్ని ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేది. సోమవారం బిల్లొస్తే మంగళవారానికి కట్టేసే మనిషి.

ఆ రోజుల్లోనే, పద్దెనిమిదేళ్లుగా వాళ్లు అద్దెకున్న ఇల్లు అమ్మేస్తానన్నాడు యజమాని. "ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. రెండు నెలలు ఆగుతాను," అన్నాడు. పిన్నికి ఆ ఇల్లంటే ప్రాణం. ముగ్గురం బ్యాంకుకు వెళ్లాం.

లోను ఆఫీసరమ్మాయి కంప్యూటర్ చూసి, పిన్నిని చూసి నవ్వింది. "మీ క్రెడిట్ స్కోరు ఎనిమిది వందల పది మేడమ్." మళ్లీ కంప్యూటర్ చూసి, బాబాయిని చూసి, నవ్వడం మానేసింది. "సార్, మీది ఐదు వందల ముప్పై."

"రెండూ కలిపి సగం చేసుకోమ్మా," అన్నాడు బాబాయి ఉదారంగా.

"అలా కుదరదు సార్. ఇద్దరూ కలిసి అడిగితే మేం తక్కువ స్కోరే చూస్తాం. దాంతో లోను రాదు. ఫ్రిజ్ వాయిదాలు పదకొండుసార్లు ఆలస్యం, కార్డు బాకీ తొమ్మిదిసార్లు."

"అడిగితే కట్టేవాణ్ణి కదమ్మా."

"నెలనెలా అడిగాం సార్. ఉత్తరాల్లో."

"అవన్నీ చేరాయి," అన్నాడు బాబాయి, వృత్తి గౌరవానికి భంగం రాకుండా.

పిన్ని ఒక్కతే అడిగితే లోను వస్తుందట. కానీ ఆమె జీతం ఒక్కటే చూస్తారు కాబట్టి ఇంటి ధరకు చాలదు. దారిలో పిన్ని మాకంటే పది అడుగులు ముందు నడిచింది.

"నావల్లే కదా," అన్నాడు బాబాయి చిన్నబోయి.

"కాదంటే అబద్ధమవుతుంది."

మర్నాడు పిన్ని నన్ను పిలిచి, "మీ బాబాయి డ్యూటీ రెండింటికి అయిపోతుంది. ఇంటికి ఐదింటికి వస్తారు. ఆ మూడు గంటలూ ఏం వెలగబెడుతున్నారో చూసి రా," అంది.

వెనకాలే వెళ్లాను. చూపు తగ్గిన ఒక ముసలి దర్జీ ఇంట్లో కూర్చుని, కవరు చింపి, ఉత్తరం చదువుతున్నాడు మా బాబాయి. "కరెంటు బిల్లు పెద్దాయనా. పద్నాలుగో తారీకులోపు కట్టాలి. డబ్బివ్వండి, నేను కట్టేస్తాను." పక్క వీధిలో మంచం దిగలేని ఒక పెద్దావిడకి పెన్షన్ కాగితం నింపాడు. అలా పదకొండిళ్లు తిరిగి, ఆఖరున బిల్లుల కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాడు.

"ఎప్పట్నించి బాబాయ్ ఇది?"

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డాడు. "చాలా ఏళ్లయిందిరా. వాళ్లకి కళ్లు కనపడవు, నేను చదవకపోతే ఎవరు చదువుతారు?"

"ఎప్పుడైనా ఆలస్యమైందా?"

"వాళ్ల పని కదరా, ఎలా ఆలస్యం చేస్తాను?"

"మరి నీ బిల్లుల సంగతి?"

"సాయంత్రమయ్యేసరికి ఇంకో కవరు చూస్తే కళ్లు తిరుగుతాయి."

ఇంటికొచ్చి పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే యజమాని దగ్గరికి వెళ్లి బేరమాడింది. వెనకనున్న కారు షెడ్డు ఆయనే ఉంచుకుని, ఆ మేరకు ధర తగ్గించాడు. పిన్ని పేరు మీద వచ్చే లోను సరిగ్గా సరిపోయింది.

"ఇక నేను నీ ఇంట్లో అద్దెకున్నట్టే," అన్నాడు బాబాయి, సంతకాలయ్యాక.

"అద్దె తారీకు తప్పకూడదు మరి," అంది పిన్ని.

ఆయన స్కోరు బాగుచేసే పని కూడా ఆవిడే తీసుకుంది. కార్డు బిల్లులో పేరున్న భాగం చించేసి, నంబరూ, కట్టాల్సిన మొత్తమూ, గడువూ ఉన్న మిగతా చీటీ మీద 'పెద్దావిడ, నడవలేదు' అని రాసి, డబ్బు జతచేసి ఆయన సంచీలో పెట్టింది. డబ్బు ఎక్కడో జారిపోయినట్టుంది. సాయంత్రం బాబాయి బూట్లు విప్పుతూ అన్నాడు:

"ఎవరో కొత్తావిడ, పాపం, చీటీతో డబ్బు పెట్టడం మరిచిపోయింది. పోనీలే అని నేనే వేసి, గడువుకు ఐదు రోజుల ముందే కట్టేశాను."