ఒరగకుండా దిగిన కుర్చీ

దయ్యం మాటెత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. గౌలిపురలో మా అత్తగారు గడపకు నిమ్మకాయలు కడుతుంటే, పులిహోర చేస్తే కడుపులోకైనా పోతాయి కదా అనేదాన్ని. రోప్‌వేలు, జెయింట్ వీల్స్ తనిఖీ చేసే ఉద్యోగం నాది. తీగ తెగుతుందా, బ్రేకు పడుతుందా, ఇవే నాకు తెలిసిన భయాలు.

బార్కస్ దాటి జల్‌పల్లి వైపు వెళ్తే, ఒక రాతిగుట్ట మీదికి కొత్తగా కుర్చీల రోప్‌వే కట్టారు. ఇద్దరేసి కూర్చునే కుర్చీలు తీగకు వేలాడుతూ ఒకవైపు పైకి వెళ్తాయి, పైన చక్రం చుట్టూ తిరిగి ఇంకోవైపు కిందికి వస్తాయి. జనాన్ని ఎక్కించాలంటే ముందు నేను చూసి సంతకం పెట్టాలి.

ఆ రోజు పొద్దున కుర్చీల్లో ఇసుక బస్తాలు వేసి నడిపాం. నిండు బరువు మీద బ్రేకు వేశాం. కరెంటు తీసేస్తే కుర్చీలు వెనక్కి జారతాయేమో చూశాం. ఎక్కడా వంక దొరకలేదు. మధ్యాహ్నం బస్తాలన్నీ దించేసి ఖాళీగా నడపడం మొదలుపెట్టాం. గుట్టపైన మా టెక్నీషియన్ మల్లేష్ ఒక్కడే ఉన్నాడు. కింద నా పక్కన మెషిన్ నడిపే యూసుఫ్ భాయ్. మెట్లు ఇంకా కట్టలేదు కాబట్టి మల్లేష్ దిగాలన్నా కుర్చీలోనే దిగాలి.

మోటారు మీద ఎంత భారం పడుతోందో చూపే మీటరు ఒకటి ఉంటుంది. బరువు పైకి వెళ్తుంటే ముల్లు లేస్తుంది, కిందికి వస్తుంటే తగ్గుతుంది. ఖాళీ కుర్చీలైతే ముల్లు ఒకేచోట నిలబడాలి. చుట్టు పూర్తయిన సంగతి తెలియడానికి ఒక కుర్చీకి ఎర్రగుడ్డ కట్టుకున్నాం. ఆ కుర్చీ బయల్దేరగానే ముల్లు లేచింది. అది గుట్టపైకి చేరేదాకా అలాగే ఉండి, చేరగానే పాత చోటికి వచ్చేసింది.

లేచింది ఒక మనిషి బరువంత. పొద్దున బస్తాలతో చూసిందే కాబట్టి నేను పొరబడే వీల్లేదు.

చుట్టు తిరిగి వచ్చాక మెషిన్ ఆపించి సీటు కింద వంగి చూశాను. ఏమీ లేదు. వోల్టేజీ సరిగ్గానే ఉంది. స్తంభాల మీది చక్రాలు పట్టేస్తే అన్ని కుర్చీలకూ ముల్లు లేవాలి కదా. రెండోసారీ అంతే అయింది. మీటరు చెడిందేమోనని నా దగ్గరున్న ఇంకో మీటరు పెట్టి మూడోసారి పంపాను. అదీ అదే చూపించింది.

కుర్చీ పైకి చేరగానే మెషిన్ ఆపించి మల్లేష్‌కు ఫోన్ చేశాను. అన్నీ ఖాళీగానే వస్తున్నాయన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“మేడం, ఈడ నాకు మంచిగ అనిపిస్తలేదు. ఒక్కన్నే ఉన్నట్టు లేదు. నేను దిగొస్త.”

ధైర్యం చెప్పాల్సింది నేనే. తొందరగా రా అని మాత్రం అనగలిగాను. అతను ఎర్రగుడ్డ కుర్చీలోనే ఎక్కాడు. యూసుఫ్ భాయ్ మెషిన్ వేశాడు. ముల్లు తగ్గింది. ఒక మనిషి దిగుతుంటే తగ్గాల్సినంత కాదు, ఇద్దరంత.

ఆపమన్నాను. యూసుఫ్ భాయ్ నా వైపు చూడలేదు.

“నక్కో మేడం, ఆపొద్దు. పిల్లగాడు తీగ మీదున్నడు. ముందు ఆయన్ని నేల మీదికి రానియ్యిండ్రి.”

తలెత్తి చూశాను. ఇద్దరి కుర్చీలో ఒక్కరే ఒక పక్కన కూర్చుంటే అది ఆ పక్కకు ఒరిగి తీరాలి. మల్లేష్ ఎడమ అంచుకు ఒదిగి కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. కుర్చీ ఏ పక్కకీ ఒరగకుండా తిన్నగా దిగుతోంది.

కుర్చీ ఆగగానే అతను ముందున్న కడ్డీ ఎత్తి దిగాడు. కానీ పక్కకు రాలేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీ సీటు వైపు చాపి నిలబడ్డాడు. వయసైనవాళ్ళను దించేటప్పుడు రోప్‌వే పనివాళ్ళు అలాగే నిలబడతారు. తర్వాత నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నాకు భయమైతుందని మీరే తోడు పంపిండ్రనుకున్న మేడం.”

ఎవరిని అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఆ తర్వాత సాయంత్రం దాకా నడిపినా ముల్లు కదల్లేదు. నేను సంతకం పెట్టలేదు. కారణం ఏం రాయాలో తెలియక, మళ్ళీ పరీక్షించాలని మాత్రం రాశాను. ఇంకెవరో వచ్చి చూసి అంతా బాగుందన్నారు. ఇప్పుడు ఆదివారాలు అక్కడ పెద్ద లైను. మా పిల్లలు అడిగితే ఏదో ఒక వంక చెప్పి తప్పిస్తున్నాను. అత్తగారి నిమ్మకాయల జోలికి వెళ్ళడం మానేశాను.

ఎవరైనా వివరించగలిగితే వినడానికి నేను సిద్ధమే. కానీ ముల్లు మూడుసార్లు లేచింది. మల్లేష్‌తో కిందికి వచ్చింది ఒక్కరే. మిగతా ఇద్దరూ ఇంకా దిగలేదు.