ప్రార్థన చేసి చెప్తానన్న శనివారం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింది గదిలో టీ తాగుతూ, మా తెలుగు సహవాసానికి కొత్తగా వస్తున్న ఒక అమ్మాయిని శనివారం భోజనానికి పిలిచాను. ఇక్కడ హాలిఫాక్స్‌లోనే యూనివర్సిటీలో చదువుతోంది, వచ్చిన ఈ కొన్నాళ్లకే మనిషి సగమైపోయింది. ఆ పిల్ల కప్పులోకి చూస్తూ, ఎంతో మర్యాదగా, "ప్రార్థన చేసి చెప్తానాంటీ" అంది. నా చేతిలోని బిస్కెట్టు టీలో పడిపోయింది. పాపం, తను తప్పేమీ అనలేదు. మా విశ్వాసుల్లో రానని చెప్పడానికి అంతకన్నా మెత్తని మాట లేదు. అడిగినవాళ్లు నొచ్చుకోరు, నెపం దేవుడి మీదికి పోతుంది. నేనూ ఏళ్ల తరబడి ఆ మాటతోనే నెట్టుకొచ్చాను. ఆఖరిసారి అన్నది మా వదినతో.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయాక హార్బర్‌కి అవతలి ఒడ్డున, డార్ట్‌మత్‌లో, ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉండేది. ఎక్కడో దూరాన కిచెనర్ అనే ఊళ్లో ఉద్యోగం చేసే కొడుకు వచ్చేయమని పోరితే, "నాకిక్కడ పనుందిరా" అనేది. ఆ పనేమిటంటే, దేవుడు వెళ్లమన్న చోటికి వెళ్లడం. కూర తరుగుతూ తరుగుతూ ఉన్నట్టుండి ఎవరో గుర్తొచ్చేవారు. అంతే, కత్తిపీట పక్కన పెట్టి, పులిహోర కలిపి, స్టీలు క్యారియర్‌లో సర్దుకుని బస్సెక్కేసేది. వెనకాల మేమంతా నవ్వుకునేవాళ్లం. ఒకసారి అలాగే ఒకరింటికి వెళ్తే, వాళ్లు ముస్తాబై ఎవరిదో పుట్టినరోజు విందుకి బయల్దేరుతున్నారట. వదిన కాస్తయినా చిన్నబుచ్చుకోలేదు. "తప్పు విన్నానేమోనమ్మా. పులిహోరైతే తప్పు కాదుగా, రేపు తినండి" అని క్యారియర్ వాళ్ల చేతుల్లో పెట్టి, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చిందట.

నవ్వినవాళ్లలో నేనే ముందుండేదాన్ని, ఒక రోజు దాకా. ఆ రోజు నా రొమ్ములో గడ్డ ఉందని స్కాన్ రిపోర్టు వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంటే తలుపు చప్పుడైంది. ఎదురుగా వదిన, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో చారు గిన్నె. ఎవరు చెప్పారని అడిగాను. "ఎవరు చెప్తారే? చారు పోపేస్తుంటే నీ మొహం కనపడింది" అంది. అన్నం కలిపి పెట్టింది, సాయంత్రం దాకా నా పక్కన కూర్చుంది. తర్వాత ఆ గడ్డ ప్రమాదం లేనిదని తేలింది గాని, ఆ చారన్నం రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

అయినా నాకు బుద్ధి రాలేదు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. అనుమానమొస్తే మళ్లీ పరీక్ష చేయకుండా రిజల్టు మీద సంతకం పెట్టే అలవాటు లేదు. దేవుణ్నీ అలాగే పరీక్షించేదాన్ని. మనసులో ఏదైనా ప్రేరేపణ కలిగితే, అల్మారాలోంచి బైబిలు వాక్యాల కార్డులుండే వాగ్దానాల డబ్బా తీసి, కళ్లు మూసుకుని ఒక కార్డు లాగేదాన్ని. దాని మీద వాక్యం నా ఆలోచనతో కలిస్తే సరే, లేకపోతే లేదు. "నీతో మాట్లాడింది దేవుడేనని నీకెలా తెలుస్తుంది వదినా?" అని ఒకసారి నిలదీశాను. "మొత్తం తెలిస్తే ఇక నమ్మకమెందుకే? సగం తెలుస్తుంది. మిగతా సగం బస్సెక్కాక తెలుస్తుంది. ఒక్కోసారి అప్పుడూ తెలీదనుకో" అని పకపకా నవ్వింది.

వదినతో ఆ మాటన్న శనివారం పొద్దున బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. బయట మంచూ వానా కలిసి పడుతోంది. వదిన దగ్గరికి వెళ్లాలనిపించింది. ఏదో గుర్తొచ్చినట్టు కాదు, ఎవరో భుజం పట్టుకుని అటు తిప్పినట్టు అనిపించింది. ఈ వానలో ఏమిటిలే అని ఇస్త్రీ కానిచ్చాను. పది నిమిషాల్లో ఆవిడే ఫోన్ చేసింది. ఎవర్నీ రమ్మని అడిగే మనిషి కాదు. "అమ్మాయ్, ఇవాళ ఓసారి రాగలవా? నీకో మాట చెప్పాలి. ఫోన్లో చెప్పేది కాదు" అంది. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను. "ప్రార్థన చేసి చెప్తాను వదినా" అన్నాను. "సరేనమ్మా" అని పెట్టేసింది.

డబ్బా తీశాను. మొదటి కార్డు ప్రయాణంలో తోడుంటానన్న వాగ్దానం. అది దూరం వెళ్లేవాళ్లకి, ఫెర్రీలో పావుగంట పట్టని దారికి కాదులెమ్మని లోపల పెట్టేశాను. రెండోది విధవరాండ్రను ఆదరించడం గురించి. అది మామూలుగా అందరికీ చెప్పేదే కదా అనుకున్నాను. మూడోది తీశాను. ఊరకుండమని ఉంది. ఎంత ప్రశాంతంగా అనిపించిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది. దేవుడికి స్తోత్రం చెప్పి, టీ పెట్టుకుని, మిగతా బట్టలు ఇస్త్రీ చేశాను. చెప్తానన్నదాన్ని తిరిగి ఫోన్ చేసి చెప్పనూ లేదు.

మర్నాడు వదిన ఆరాధనకి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మేము వెళ్లి తలుపు తీయించేసరికి కుర్చీలోనే ఒరిగిపోయి ఉంది. గుండె ఆగిపోయిందన్నారు. ముందురోజు నువ్వు వెళ్లినా జరిగేది జరిగే ఉండేదని నన్ను ఓదార్చారు. కావచ్చు. ఆవిడ ప్రాణం నా చేతిలో లేదు. ఆవిడ చెప్పాలనుకున్న మాట వినడం మాత్రం నా చేతిలో పనే. ఆ మాటేమిటో కొడుక్కీ తెలీదు.

భూస్థాపన అయ్యాక వదినకి కింది ఫ్లాట్‌లో ఉండే ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. శనివారం పొద్దున వదిన కోటు మీద శాలువా కప్పుకుని, ఆ వానలో ఫెర్రీ టెర్మినల్‌కి వెళ్తుంటే ఎదురుపడిందట. ఈ వాతావరణంలో ఎక్కడికని అడిగితే, మా ఆడపడుచు వస్తోంది, బయట నేల జారుడుగా ఉంది, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి అందట. వస్తానని చెప్పిందా అని ఈవిడ అడిగిందట. "ప్రార్థన చేస్తానని చెప్పింది. చేస్తే దేవుడు పంపకుండా ఉంటాడా?" అందట వదిన. మధ్యాహ్నం రెండు దాటాక ఒక్కతే తిరిగి వచ్చిందట.

మేమందరం ఒకరికొకరం మర్యాదగా విసురుకునే ఆ మాటని, ఉన్నదున్నట్టు నమ్మిన మనిషి ఆవిడొక్కతే. అన్ని గంటలు ఆ టెర్మినల్ బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి పడవలోనూ నా కోసం చూసి ఉంటుంది. నేను మోసం చేశానని ఆవిడకి తట్టి కూడా ఉండదు. తట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదేమో.

ఆ అమ్మాయి ఇంతవరకూ ఏమీ చెప్పలేదు. చెప్పదని నాకు తెలుసు. ఇవాళ చింతపండు నానబెట్టి, వదిన క్యారియర్ తోమి పెట్టాను. రేపు శనివారం ఆ పిల్ల గదికి నేనే వెళ్తాను. తప్పు విన్నానేమో తెలీదు. డబ్బా మాత్రం తీయలేదు. హార్బర్‌లో పడవలు ఇప్పటికీ వేళ తప్పకుండా వస్తూ పోతూనే ఉన్నాయి. ఎన్ని పడవలెక్కినా, వదిన ఎదురుచూసిన ఆ శనివారపు ఒడ్డుకి మాత్రం నన్ను ఏదీ చేర్చదు.