ఐదిళ్ళు కాపు కాసిన బొమ్మ

ఆ బొమ్మ చరిత్ర రాసివ్వమని ఫోన్ వచ్చినప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది, మా అమ్మ పక్కనే ఉంది. ఈ రెండూ ఒకేసారి జరగకపోతే నాకు సగం గొడవ తప్పేది.

ఫోన్ చేసింది క్రేన్ బాబాయ్ కూతురు. క్రేన్ బాబాయ్ అంటే నాన్నతో పాటు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపినాయన. క్వార్టర్లలో మాకు ఎదురిల్లు. డ్యూటీ లేని రోజున బొమ్మలు వేసేవాడు. ఇప్పుడా బొమ్మలన్నీ బీచ్ రోడ్డులో ఒక హాల్లో పెడుతున్నారట. "మీకిచ్చిన చేపలావిడ బొమ్మ కావాలక్కా. జీవితం మొత్తంలో అదొక్కటే కుదిరిందంటాడు నాన్న. ఇన్నాళ్ళూ ఎవరెవరి దగ్గరుందో ఒక కాయితం మీద రాసిస్తే పక్కన అతికిస్తాం" అంది.

"ఆవిణ్ణి కూడా పిలుస్తున్నారా?" అంది అమ్మ.

"ఆవిడే ముఖ్య అతిథి ఆంటీ!"

అమ్మ చెయ్యి చాపి స్పీకర్ ఆపేసింది.

మాది గోదావరి జిల్లా. విశాఖ వచ్చిన కొత్తలో అమ్మకి ఇక్కడి చేపల పేర్లు తెలియవు, ఇక్కడి మాటా తెలియదు. రెండూ నేర్పింది జాలరిపేట నుంచి గంపతో వచ్చే ఆ చేపలావిడే. అమ్మ కూడా ఇక్కడివాళ్ళలా ఆవిణ్ణి "అప్పా" అనేది, మనం అక్కా అన్నట్టు. మా మెట్ల మీద కూర్చుని చేపలు కోస్తూ ఆవిడ చెప్పే కబుర్లకి అమ్మ పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయేది. బాబాయ్ ఆవిణ్ణి నాలుగు ఆదివారాలు అక్కడే కూర్చోబెట్టి, ప్లైవుడ్ మీద ఎనామిల్ రంగులతో బొమ్మ వేశాడు. సగం ముఖం ఆకుపచ్చ, సగం పసుపు. మెడ మూరెడు. ఒక కన్ను నుదుటి మీద, రెండోది బుగ్గ మీద. ఇదేమిటని నాన్న అడిగితే, "ఆవిడ కన్నొకటి బేరం మీద, ఒకటి గంప చుట్టూ తిరిగే కాకుల మీద ఉంటుంది. రెండూ ఒక్కచోట ఎలా పెట్టమంటావు?" అన్నాడు. ఆవిడ మాత్రం చాలాసేపు చూసి, "నోరొక్కటీ నాలాగుంది" అని నవ్వింది.

బాబాయ్ ఆ బొమ్మ మాకే ఇచ్చేశాడు. అప్పుడే నాన్న గాజువాకలో ఇల్లు కట్టిస్తున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసే ముందే కొంత సామానుతో పాటు బొమ్మనీ అక్కడి సిమెంటు షెడ్డులోకి పంపాడు. మర్నాడు స్లాబ్. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కట్టకుండా మా మేస్త్రి తట్ట కూడా ఎత్తడు. మామూలుగా గుమ్మడికాయకి కోరలు గీసి సరిపెట్టుకునేవాడు. ఈ ముఖం చూడగానే, సారు ఎక్కడో ఆర్డరిచ్చి చేయించారనుకుని, పిల్లర్ ఊచలకి వీధివైపు తిప్పి బిగించి కట్టేశాడు.

అది చూసి నాన్న ఇసక కుప్ప మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. దింపబోతే అమ్మ అడ్డుపడింది, కట్టిన దిష్టిబొమ్మని ఇల్లు పూర్తయ్యేదాకా కదపకూడదని. ఇల్లు పూర్తయ్యాక మళ్ళీ తనే, దింపినదాన్ని ఇంట్లోకి తేకూడదంది. మా ఇల్లు ఒక్క బీట లేకుండా, ఒక్క కూలీ కాలు జారకుండా లేచింది కాబట్టి పక్క స్థలం వాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు. వాళ్ళ దగ్గర్నుంచి ఎదురింటివాళ్ళు. అలా మా వీధిలో ఐదిళ్ళు.

అమ్మ బెంగంతా అప్ప గురించే. నీ ముఖాన్ని దిష్టిబొమ్మ చేశామని ఏ మనిషితో చెబుతాం? అప్ప కొత్తింటికి కూడా చేపలు తెచ్చేది. బొమ్మ ఆవిడ కంట పడకుండా అమ్మ రోజూ సందు మొదట్లోనే కాపు కాసి, "ఎండలో అంత దూరం ఎందుకప్పా" అని అక్కడే కొనేసేది. పక్కింటికి పోవాలన్నా బద్ధకించే మా అమ్మ అన్నేళ్ళు ఆ నడక నడిచిందంటే ఆవిడంటే ఎంత ఇష్టమో మీరే అనుకోండి.

బొమ్మని వెతుక్కుంటూ బయల్దేరాను. ఐదో ఇంటాయనకి ఆటోనగర్‌లో లేత్ షెడ్డుంది, అక్కడ దొరికింది. ఆయన ససేమిరా అన్నాడు. "నానివ్వనమ్మా! ఇది కట్టినకాడ్నుంచి మా షెడ్డుల ఒక్కడికీ ఏలు తెగనేదు." కోరలూ కొమ్ములూ ఉన్న కొత్త దిష్టిబొమ్మ ఒకటి కొనిచ్చి బతిమాలితే దింపాడు. నాలుగు మేకు బెజ్జాలు, కాస్త గ్రీజు. రంగులు మాత్రం చెక్కు చెదరలేదు.

కాయితం మీద అమ్మ చెప్పినట్టే రాశాను: మొదటి యజమాని మా నాన్న, తరువాత ఒక వీధిలో ఐదు చోట్ల బహిరంగ ప్రదర్శన, అటుపైన ఆటోనగర్‌లో ఒక పరిశ్రమ. చివర్న ప్రస్తుత యజమాని అని ఒక గడి గీశాను గానీ, అందులో ఏం రాయాలో తెలియక వదిలేశాను.

హాల్లో బొమ్మలు పెట్టిన రోజు అప్ప పట్టుచీర కట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు నిలబడి, "ఏటి రాసినారు, సదువమ్మా" అంది. చదివాను. అమ్మ నా చెయ్యి గిల్లుతూనే ఉంది.

"బయిరంగ పెదర్శనా?" అప్ప పకపకా నవ్వింది. "దిష్టికి కట్టినారని రాయండి!"

అమ్మ గిల్లడం ఆపేసింది.

"ఏటమ్మా, నానెరగననుకున్నారా? మీరు సందు మొదట్ల ఆపీవోరు. మరి నానొచ్చీది ఎనకాల ఈది నుంచి, దాని ముందు నుంచే కదా! మొదటిరోజు గంప ఇసిరి కొట్టీసి ఎలిపోదామనుకున్నాను, అంత కోపమొచ్చింది. అంతట్ల మేస్త్రి తాపీ అట్టుకునే ముందు దానికి దండమెట్టినాడు. నా మొకానికి దండమెట్టినోడు అంతవరకూ ఒక్కడూ లేడు. మా పేటంతా సెప్పుకున్నాను, ఆ ఈదిల ఇళ్ళన్నీ నానే నిలబెట్తన్నానని!"

బాబాయ్ అది విని చిన్నపిల్లాడిలా గెంతినంత పని చేశాడు. నా కాయితం లాక్కుని బహిరంగ ప్రదర్శన కొట్టేసి, తన చేత్తో దిష్టిబొమ్మ అని పెద్దక్షరాలతో రాశాడు. అమ్మ అప్పని కావలించుకుని ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. అన్నేళ్ళ బరువు దిగిందని నాకూ ఏడుపొచ్చింది.

"మా వోడు స్లాబిల్లు కడతన్నాడమ్మా" అంది అప్ప, ఖాళీగా ఉన్న గడి చూస్తూ.

"అయితే నువ్వే తీసికెళ్ళప్పా, నీదే అది! రేపే ముందు పిల్లరుకి కట్టించు" అంది అమ్మ.

"బయట కట్టనమ్మా. ఐదిళ్ళకీ బయటే ఉన్నాను. నా ఇంట్ల నాను లోపలుంతాను."

అమ్మ నవ్వు ఆగిపోయింది. అన్నేళ్ళలో మేం ఆవిణ్ణి ఏ రోజూ మెట్లు దాటి లోపలికి రమ్మనలేదని నాకు అప్పుడే తట్టింది. అమ్మకీ తట్టి ఉంటుంది. గడిలో అప్ప పేరు తనే రాసింది.

అప్ప వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. అమ్మ చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే తటపటాయిస్తుంటే, అప్ప వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఆ బొమ్మ కిందే కూర్చోబెట్టింది.