ఎరాతోన్ చూసిన డేగ

గ్రీకు దేశంలో కొపాయిస్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో ఎవరింట్లో ఏ మంచి పని తలపెట్టినా ముందు ఎరాతోన్ గుమ్మం తొక్కాల్సిందే. రెల్లు దుబ్బుల పక్కన బండ మీద ఉత్తరం ముఖంగా కూర్చుని, పక్షి కుడి నుంచి వస్తే శుభమనీ, ఎడమ నుంచి వస్తే కీడనీ చెప్పేవాడు. ఆ విద్య మేనమామ నేర్పాడు. జనం బార్లీ పిండో, ఓ పాముచేపో చేతిలో పెట్టి వెళ్ళేవారు.

"పిట్టల మనసులో మాటంతా ఈయనకి తెలుసు. పొయ్యి మీద పప్పు మాడుతోందని మాత్రం తెలీదు" అని భార్య మెలిత్త నలుగురిలో దెప్పేది. అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఓ ఏడు ఆలివ్ కోతలయ్యాక, జాలరి థ్రాసోన్ తన కూతురు నికిప్పెకు అవతలి ఒడ్డు ఫిలోన్‌తో పెళ్ళి అనుకుని శకునం అడగవచ్చాడు. ఎడమ నుంచి డేగ దిగి నీళ్ళ మీది బాతును తన్నుకుపోయింది.

"కీడేరా థ్రాసోన్. అబద్ధమాడలేను" అన్నాడు ఎరాతోన్. సంబంధం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే నికిప్పె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, కీడు ఎవరికి?"

"పిట్ట పేరు చెప్పదమ్మా."

"మరి ఫిలోన్ నెత్తిన ఎందుకు రుద్దావు? మా నాన్న పొగరుకేమో! మీ ఇంటి పప్పుకేమో!"

లోపల మెలిత్త పకపకా నవ్వింది. ఎరాతోన్ ఆ కుర్రాణ్ణి ఓసారి చూసొద్దామని లేచాడు. కర్ర తీసుకుని, సరస్సు చుట్టూ నడిచి, ఫిలోన్ ఇల్లు చేరాడు. పెళ్ళి చెడగొట్టిన మనిషని తెలిసీ ఆ కుర్రాడు జున్ను పెట్టాడు. "ఇంత దూరం మళ్ళీ ఏం నడుస్తావు పెద్దయ్యా, దింపుతాను రా" అని పడవ ఎక్కించాడు.

మా ఒడ్డు కనబడుతుండగా పడవ అడుగు విరిగింది. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఎరాతోన్ పగలబడి నవ్వాడు. పెద్దాయనకు మతి పోయిందనుకుని ఫిలోన్ ఆయన్ని భుజాన వేసుకుని గట్టెక్కించాడు.

నీళ్ళోడుతూనే ఇద్దరూ థ్రాసోన్ ఇంటికి వెళ్ళారు.

"పెళ్ళి పెట్టుకోరా!"

"నిన్న వద్దన్నావుగా అన్నా! నీళ్ళలో మునిగితే పిట్టలు మాట మారుస్తాయా?"

"పిట్ట మారలేదురా, నేనే తొందరపడ్డాను. ఆ కీడు పడవదేనని ఒట్టేసి చెప్పలేను. వీడు నన్ను మోసుకొచ్చాడు చూడు, అది మాత్రం నా కళ్ళారా చూశాను."

పెళ్ళివారు కంచరగాడిద బండి మీద గట్టు దారినే వెళ్ళారు. పడవ ఎక్కుదామని ఎవరూ అనలేదు.

ముసలితనంలో ఎరాతోన్ కళ్ళు మసకబారాయి. మెలిత్త పక్కన కూర్చుని పిట్టల్ని చూసి చెప్పేది.

"కొంగ. కుడి నుంచి."

"కుడేనా?"

"అనుమానముంటే నువ్వే చూసుకో!"

తనకు నచ్చినవాళ్ళొస్తే ఆవిడ ఎడమ పిట్టల్ని కూడా కుడి పక్కనుంచే ఎగరేసేది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే శకునానికి వెళ్ళేవాళ్ళు ముందు మెలిత్తకు అత్తిపళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే ఆయనకు దణ్ణం పెట్టేవారు.