నలభై రెండు అంగుళాల గుండెనొప్పి

తొంభైల్లో బహ్రెయిన్‌లో ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో నా ఛాతీ నలభై రెండు అంగుళాలు. ఉమ్మ్ అల్ హస్సామ్ సందుల్లో నేను ఎదురొస్తుంటే పోలీసులు కూడా పక్కకి తప్పుకునేవారు. వయసులో ఉన్నప్పుడు మనిషికి గుండె ఏ పక్కనుందో కూడా తెలియదు, తెలిసిన రోజు నుంచి ఇంక దాని గొడవే గొడవ. ఇప్పుడు రోజుకి మూడు మాత్రలు మింగే ముసలాణ్ణి కనుక ఈ మాట చెప్పే హక్కు నాకుంది. (పోలీసుల సంగతి కాస్త పెంచాను. తప్పుకున్నది ఒక్కడే, అదీ తన కారు తలుపు తీసుకోవడానికి. నలభై రెండు సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.)

ఆ పేటలోనే ఒక లాండ్రీలో ఇస్త్రీ పని నాది. గదిలో ముగ్గురం. ఒకాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ అన్న. ఆయన లెక్కలో బహ్రెయిన్ కూడా దుబాయే. రెండో ఆయన మా గోదావరి మనిషి, ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేవాడు. వరసకి ఏమీ కాకపోయినా బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆ బాబాయే తన మేనకోడల్ని నాకు ఇప్పిద్దామని చూశాడు. మూడు నెలల్లో నా సెలవు, వెళ్ళగానే పెళ్ళి. ఈలోపు అబ్బాయి ఫోటో ఒకటి కావాలని అమ్మాయి వాళ్ళు కబురు పెట్టారు. మనామాలో ఒక స్టూడియోకి వెళ్ళాను. వాళ్ళ కోటు నేను తొడుక్కున్నానో, అదే నన్ను మింగిందో చెప్పలేను. ఫోటో తీసే ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, జాలిపడి, లోపల్నుంచి ఒక దళసరి తువ్వాలు తెచ్చి కోటు కింద మడతపెట్టి పరిచాడు. ఫోటో చేతికొచ్చాక అందులో ఉన్నది నేనేనని నమ్మడానికి నాకే కాసేపు పట్టింది. బాబాయ్ కంట పడనీయకుండా దాన్ని తిన్నగా మా అమ్మకి పంపించాను.

కొన్నాళ్ళకి బాబాయ్‌కి వాళ్ళ అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అబ్బాయి కోటులో మంచి నిండుగా ఉన్నాడు, మాకందరికీ నచ్చాడు" అని పైకి చదివి, బాబాయ్ ఉత్తరం వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏరా అబ్బాయ్, మీ అమ్మ గానీ వేరే ఎవడి ఫోటో అయినా ఇచ్చేసిందంటావా?"

నవ్వేసి ఊరుకున్నాను గానీ లోపల గుబులు మొదలైంది. ఫోటోకైతే సరే, తువ్వాలు పెట్టుకుని జీవితాంతం కాపురం చెయ్యలేం కదా. సరిగ్గా అప్పుడే, సామాను అమ్మేసుకుని దేశం వెళ్ళిపోతున్న ఒక పఠాన్ భాయ్ దగ్గర ఛాతీ పెంచే యంత్రం ఒకటి దొరికింది. యంత్రమంటే ఏం లేదు, రెండు పిడులు, వాటి మధ్య అయిదు స్ప్రింగులు. పిడులు పట్టుకుని రెండు చేతులూ బారచాపితే నెల రోజుల్లో తనలా అవుతానన్నాడు భాయ్. ఆయన గది గుమ్మంలోంచి పక్కకి తిరిగి వచ్చే మనిషి. లాండ్రీ మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి నాలుగింటికి తెరిచేవారు. ఆ వేళకి తక్కిన ఇద్దరూ డ్యూటీలో ఉండేవారు. తలుపు గడియ పెట్టి, చొక్కా విప్పి, అద్దం ముందు నిలబడి రోజుకి వందసార్లు లాగేవాణ్ణి. (పన్నెండు సార్లు.) లాగేటప్పటి కంటే వదిలేటప్పుడే అసలు బాధ. స్ప్రింగులు ముడుచుకుంటూ నా చర్మాన్నీ, అక్కడున్న నాలుగు వెంట్రుకల్నీ కలిపి కరిచి పట్టుకునేవి.

పదో రోజున ఇస్త్రీపెట్టె ముందుకి తోస్తుంటే ఎడమ పక్క కలుక్కుమంది. మర్నాటికి గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పి, తుమ్మినా నొప్పి, మేస్త్రీ అన్న జోకులకి నవ్వినా నొప్పి. స్ప్రింగుల వల్లేనేమోనన్న అనుమానం నాకు రాలేదు. (వచ్చింది. కాకపోతే స్ప్రింగుల మాట చెబితే ఫోటో మాట చెప్పాలి, ఫోటో మాట చెబితే తువ్వాలు బయటికి రావాలి. పైగా నిజంగానే గుండేమోనన్న భయం ఒక పక్క పీకుతూనే ఉంది.) నోరు మూసుకున్నాను. కసరత్తు చాలక వచ్చిన నొప్పేమోనని ఇంకో పది లాగాను కూడా.

మేస్త్రీ అన్న నా ఛాతీ మీద చెయ్యి వేసి చూసి, "గుండె గిండె ఏం కాదు తమ్మీ, గ్యాస్ పట్టింది. దుబాయి వచ్చినోళ్ళందరికీ అయితది" అని సోడాలో నిమ్మకాయ పిండి తాగించాడు. తేన్పులు వచ్చాయి, నొప్పి పోలేదు. బాబాయ్ దిష్టి అన్నాడు. ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యి మీద పడేశాడు. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించి ఉన్న గది. ముగ్గురం కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ వరండాలోకి పరిగెత్తాం. దగ్గు వచ్చిన ప్రతిసారీ నాకు ప్రాణం పోయి వచ్చింది.

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి కాదురా" అని తేల్చాడు బాబాయ్, దగ్గు ఆగాక.

"గట్లైతే ఏసీ గాలి" అన్నాడు మేస్త్రీ అన్న. ఆగస్టు నెలలో రెండు రోజులు ఏసీ కట్టేశారు. మూడో రోజు ఆయనే లేచి వేసి, "కాదు తియ్, పెండ్లి రంది" అని నా నొప్పిని దిగులు పద్దులో వేశాడు.

బాబాయ్ మాత్రం నవ్వలేదు. "చూడబ్బాయ్, గుండెజబ్బు ఉండీ చెప్పకపోతే నా అక్క కూతురు గొంతు కోసినవాణ్ణవుతాను. శుక్రవారం డాక్టరు దగ్గరికెళ్దాం. ఆయనేమంటే అదే మా అక్కకి రాస్తాను" అన్నాడు.

డాక్టరు మలయాళీ, మాతో హిందీలో మాట్లాడాడు. కొత్తగా బరువులేమైనా ఎత్తావా అని అడిగాడు. బాబాయ్ పక్కనే ఉన్నాడు కనుక లేదన్నాను. చొక్కా విప్పమన్నాడు. విప్పాను. ఛాతీ మీద గీతలు గీసినట్టు అయిదు ఎర్రటి చారలు.

"ఇవేమిటి?"

"పిల్లి గీరింది సార్."

"మన గదిలో పిల్లెక్కడిదిరా?" అన్నాడు బాబాయ్ తెలుగులో, ఆ పైన డాక్టరు కోసం హిందీలో కూడా.

డాక్టరు వైర్లు తగిలించి మిషను తిప్పాడు. కాగితం చూసి ఇందులో ఏమీ లేదన్నాడు. బతికాననుకునేలోపు ఇంకో కాగితం తీసుకుని, "కారణం తెలియట్లేదు కాబట్టి పెద్దాసుపత్రికి రాస్తాను. మీ కఫీల్‌కి కూడా ఒక మాట తెలియాలి" అంటూ కలం మూత తీశాడు. మా యజమానికి తెలిస్తే వీసా ఖలాస్. బాబాయ్ ఉత్తరం వెళితే పెళ్ళి ఖలాస్. ఆ కలం కాగితానికి తగిలేలోపు స్ప్రింగులూ, పఠాన్ భాయ్, కోటూ, ఫోటో, తువ్వాలూ అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను.

డాక్టరు కలం మూత పెట్టేసి, ఎడమ పక్కటెముక దగ్గర వేలితో నొక్కాడు. కెవ్వుమన్నాను. "కండ బెణికింది. నేనూ కాలేజీలో లాగాను, నాకూ పెరగలేదు" అని ఒక నొప్పి మందు రాశాడు.

తిరిగొచ్చాక బాబాయ్ గది మెట్ల దగ్గర ఆగి, "గుండె బాగానే ఉందని రాస్తాను. మిగతాది నువ్వూ మా పిల్లా చూసుకోండి" అన్నాడు. స్ప్రింగుల్ని మేస్త్రీ అన్న వరండాలో ఈ కొసకీ ఆ కొసకీ కట్టి బనియన్లు ఆరేసుకున్నాడు. ఆ యంత్రం ఎవరికైనా పనికొచ్చిందంటే అందుకొక్కదానికే.

పెళ్ళయింది. మా ఆవిడ తువ్వాలు మాట ఎన్నడూ ఎత్తలేదు, నేనూ చెప్పలేదు. నా వెడల్పు చూసే ఈ ఇంటికొచ్చిందని ముప్పై ఏళ్ళు మురిసిపోయాను. పాపం, కోటులో ఆ కుర్రాడు ఇప్పటికీ మా బీరువాలో ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. ఇక దాచడం ఎందుకని, ఆ రోజు నా అసలు ఛాతీ ముప్పై రెండేనని ఇక్కడ ఒప్పేసుకుని, ఇంతవరకూ రాసింది ఆవిడకి చదివి వినిపించాను. తన కుట్టుమిషను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అంతా వింది.

"తువ్వాలంచు కాలర్ దగ్గర కనబడుతూనే ఉందండీ. మా అమ్మ నవ్వాపుకుంటూ రాసింది ఆ ఉత్తరం."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

"అబద్ధం దాచుకోవడం కూడా చేతకానివాడు, పిల్ల సుఖపడుతుందంది. ముందు ఆ ముప్పై రెండు కొట్టెయ్యండి. పెళ్ళి చొక్కా కుట్టింది నేను. ముప్పై."