మేం బీదవాళ్ళమని గోడ మీద చదివాను

వార్డు ఆఫీసు గోడకి అంటించిన జాబితాలో మా నాన్న పేరు కనబడగానే, ఈ పేరుతో ఇంకో మనిషెవరో ఉన్నాడనుకున్నాను. తండ్రి పేరు చూశాను. మా తాతే. ఇంటి నంబరు చూశాను. మాదే. దారిద్ర్యరేఖకి దిగువనున్న కుటుంబాల జాబితా అది. మా సందులో పదకొండు ఇళ్ళుంటే, జాబితాకెక్కింది ఒకే ఒక్క ఇల్లు. కలకత్తా కార్పొరేషన్‌లో పర్మనెంటు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, దుర్గాపూజలకి బోనసు ఉన్న మా నాన్న ఇల్లు.

ఎదురింటి మామ్మ పేరు కోసం పైనుంచి కిందికి మూడుసార్లు వేలు పెట్టి వెతికాను. లేదు. నేను ఆ రోజు ఆఫీసుకి వెళ్ళిందే ఆ పేరు కోసం.

మామ్మ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఎక్కిన రైల్లోనే వచ్చిన ఇంకొకాయన భార్య. ఆయన చచ్చిపోయేదాకా బదిలీ పనివాడే. అంటే పర్మనెంటు వాడు సెలవు పెట్టిన రోజునే చీపురు పట్టే మనిషి. అలాంటివాడి పెళ్ళానికి పింఛనేం వస్తుంది? పిల్లల్లేరు. మామ్మ ఏక్‌బాల్‌పూర్‌లో బిర్యానీ హోటళ్ళకి వెల్లుల్లి ఒలిచి బతికేది. ఆవిడ బొటనవేళ్ళ మీద చర్మం నిలిచి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడాది ఆవిడ కళ్ళకి పొర కమ్మింది. రెబ్బలకి తొక్కు మిగిలిపోతోందని హోటలువాళ్ళు బస్తా పంపడం మానేశారు. ఇక ముసలివాళ్ళకి సర్కారు నెలనెలా ఇచ్చే డబ్బొకటే దిక్కు. అది రావాలంటే ఆ గోడ మీద పేరుండాలి.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మా సందు సంగతి చెప్పాలి.

మాది క్రైస్తవుల సందు. నెలకోసారి లిలువా నుంచి పాస్టరు గారు కుటుంబ ప్రార్థనలకి వచ్చేవారు. ప్రతి ఇంట్లోనూ కాసేపు కూర్చుని, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వెళ్ళేవారు. సందు మొత్తానికి చేతుల కుర్చీ ఒకటే, అది మాది. టేబుల్ ఫ్యాను ఒకటే, అదీ మాదే. పువ్వుల దుప్పటి, స్టీలు ట్రే, పింగాణీ కప్పులూ మావే. పాస్టరు గారు ఆఖరి ప్రార్థనకి లేచి కళ్ళు మూసుకుంటే చాలు, ఆయన వెనకనుంచి కుర్చీ వెళ్ళిపోయేది. ఆమెన్ అనేసరికి ఫ్యాను కూడా పక్కింట్లో తిరుగుతుండేది. ఆయనకి తెలీదా అంటే ఎందుకు తెలీదు? పదకొండు ఇళ్ళలోనూ అదే కుర్చీలో కూర్చుని పదకొండుసార్లూ "మంచి కుర్చీ అమ్మా" అనేవారు. అడిగినవాళ్ళకి నామోషీ లేదు, ఇచ్చినవాళ్ళకి గొప్పా లేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి నేల మీద కూర్చోకూడదు, అంతే.

సర్వే చేసే ఆయన వస్తున్నాడని సందులో చెప్పింది నేనే. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. పెద్దవాళ్ళకి బెంగాలీలో నాలుగు ముక్కలు మాట్లాడడం వచ్చినా, ఆఫీసు బెంగాలీ అంటే భయం. నువ్వు పక్కనుండి వాళ్ళ మాటలు బెంగాలీలో చెప్పమ్మా అని వార్డు ఆఫీసులో నన్నే పురమాయించారు. నేను గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "ఆఫీసరొస్తన్నాడు, ఇల్లు బాగా పెట్టుకోండి" అన్నాను. నా నోరు పడిపోను, సరిగ్గా ఆ మాటే అన్నాను.

పాస్టరు గారైతే రోడ్డు వైపు నుంచి, మా ఇంటితో మొదలుపెడతారు. ఈయన కుళాయి వైపు నుంచి మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు గాభరా పడలేదు. ఆయన గొడుగు ముడిచేలోపే మా కుర్చీ, ఫ్యానూ, దుప్పటీ, ట్రే ఆ చివరికి చేరిపోయాయి. అక్కణ్ణుంచి ఒక్కో ఇల్లే ఆయనకంటే ముందు నడిచాయి. పాపం మంచివాడే. ప్రతి ఇంట్లోనూ చెమట తుడుచుకుని, టీ తాగి, అచ్చు కాగితం మీద గళ్ళు నింపుకుంటూ వచ్చాడు. పది ఇళ్ళలో ఒకే పువ్వుల దుప్పటి కనిపిస్తే, అందరూ కలిసి టోకున కొనుక్కున్నారనుకున్నాడో ఏమో. నేను పక్కనే నిలబడి నవ్వాపుకుంటున్నాను.

పదో ఇల్లు మామ్మది. "కూర్చోండి బాబూ" అని ఆవిడ మా కుర్చీ చూపించిన తీరు చూస్తే ఆ కుర్చీ పుట్టినప్పటి నుంచి అక్కడే ఉందనుకుంటారు. మీ ఆయనేం చేసేవాడు మాషీమా అని సొంత పిన్నిని అడిగినట్టు అడిగితే, నిటారుగా నిలబడి "కార్పొరేసన్ పని" అంది. నేను దాన్ని అలాగే బెంగాలీలో అప్పజెప్పాను. బదిలీ పని అని చెప్పొచ్చు కదా? నా బుర్రకి తట్టలేదు.

అక్కడ లేచి నేరుగా ఎదురుగా మా ఇంట్లో అడుగుపెట్టాడు. సామాను ఇటు దాటే వ్యవధి లేకపోయింది. ఉత్త నేల. నాన్న పొద్దుటి డ్యూటీ దిగి చాప మీద చొక్కా లేకుండా నిద్రపోతున్నాడు. అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయింది. మీ ఆయనదేం పని అంటే "ఝాడూ" అని, చీపురు పనని మాత్రం అంది. ఆయన మా నాన్న వీపు కేసి చూసి, ఇల్లంతా చూసి, చాలా జాలిగా ఏదో రాసుకున్నాడు. ఏం రాస్తున్నాడో నేను చూడలేదు. కూర్చోబెట్టడానికి ఏమీ లేదే అన్న సిగ్గుతో ఆయన తొందరగా వెళ్ళిపోతే బాగుండునని చూస్తున్నాను.

ఇదంతా జాబితా ముందు నిలబడ్డాక ఒక్కసారిగా అర్థమైంది. లోపలికెళ్ళి గుమాస్తా గారిని అడిగాను. ఆయన కాగితాలు తీసి ఓపిగ్గానే చదివాడు. "ఆవిడకి ఫ్యానుంది, కుర్చీ ఉంది, భర్తది కార్పొరేషన్ ఉద్యోగం. మీకు ఏమీ లేవు."

"దాదా, ఆ ఫ్యాను మాది."

"మరి మీ ఇంట్లో ఎందుకు లేదు?"

దీనికి ఏ భాషలో జవాబు చెప్పను? పాస్టరు గారి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన నవ్వలేదు. తల పట్టుకున్నాడు. "చూడు అమ్మాయీ, ఉన్న డబ్బు అందరికీ పంచితే ఎవరికీ చాలదు. లేనివాళ్ళకే చేరాలనే కదా ఈ తంటా అంతా" అన్నాడు. ఆ మాట తప్పని నేను అప్పుడూ అనలేదు. కానీ ఎవరికి లేదో కనిపెట్టేదెలా? మా సందులో మనుషుల సగం ఆయుష్షు లేమిని కప్పుకోవడానికే సరిపోతుంది. పైగా అందరికంటే బాగా కప్పుకునేది అసలు ఏమీ లేనివాళ్ళే.

నాన్న ఆ సంగతి విని అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. "నాను బీదోడినేటే? నా జీతం కాయితం ఆల మొకాన కొడతాను" అని మర్నాడే వెళ్ళాడు. పేరు ఎక్కించమని వచ్చేవాళ్ళకి ఫారం ఉంది, తీసెయ్యమని ఇంతవరకు ఎవరూ రాలేదు, దానికి ఫారం లేదు అన్నారట. తీసేసినా ఆ చోటు ముసలమ్మకి రాదు, ఆవిడది ఆవిడే అర్జీ పెట్టుకోవాలి అన్నారట. నాన్న తిరిగొచ్చి మామ్మ గుమ్మంలో కూలబడి, ఆ కార్డు మీద ఏదొచ్చినా నీకే ఇచ్చేస్తానన్నాడు.

మామ్మ ఒప్పుకోలేదు. "రేసను అందరికీ ఒకే దరకి ఇచ్చినప్పుడు లైన్ల నిలబడ్నానురా. నా ముందల గుమస్తా బాబు, నా ఎనకాల నువ్వు. సిగ్గేటి? అందరికొచ్చింది నాకొచ్చింది. నువ్విస్తే ముష్టి అవుద్ది" అంది.

అర్జీ నేనే రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది. మళ్ళీ తనిఖీకి మనిషి వస్తాడని కబురొచ్చింది. ఈసారి నేను గట్టిగా కాపలా కాశాను. సందులో ఎవరి గిన్నె కూడా ఆ ఇంటికి పోకూడదని చెప్పాను. మామ్మకి పాఠం చెప్పినట్టు చెప్పాను. చిరుగుల చీర కట్టుకో, ముసుగేసుకుని కూర్చో, అడిగితే ఏడ్చెయ్యి. ఆవిడ ఊఁ కొట్టింది.

వచ్చినాయన కొత్తవాడు, కుర్రాడు. మామ్మ ప్రార్థనకి కట్టే తెల్ల చీర గంజి పెట్టి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన లోపలికెళ్ళి గోడలు చూశాడు, మంచం కింద చూశాడు. సందంతా గుమ్మం దగ్గర పోగయింది. బియ్యం డబ్బా మూత తియ్యమన్నాడు. మామ్మ వెళ్ళి దాని మీద కూర్చుంది.

"ఏంటి ఇబ్బంది అని అడగండి" అన్నాడు నాతో.

అడిగాను. మామ్మ నా కేసి చూడలేదు. పొర కమ్మిన ఆ కళ్ళతో ఆయన కేసి చూస్తూ అంది. "నాకేటి లోటు నేదు బాబూ. దేవుడు అన్నీ ఇచ్చినాడు."

అది అలాగే బెంగాలీలో చెప్తే అంతటితో సరి. ఆయన పెన్ను పట్టుకుని నా నోటి కేసి చూస్తున్నాడు. నేను చెప్పాను. "ఎవరూ లేరంటోంది. కళ్ళు కనబడవంటోంది. ఒక్కపూటే తింటోందట దాదా. అది కూడా గంజన్నం. రెండో పూట నీళ్ళు తాగి పడుకుంటుందట." ఆయన పెన్ను చకచకా కదిలింది. కొన్ని నెలలకి డబ్బు కూడా వచ్చింది.

కానీ నేను చెప్పదలుచుకున్నది డబ్బు సంగతి కాదు. ఆయన వెళ్ళాక, సందు ఖాళీ అయ్యాక, మామ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరకి వేసింది. నలభై ఏళ్ళు కలకత్తాలో బతికిన మనిషికి బెంగాలీ సరిగ్గా మాట్లాడడం రాకపోయినా, వింటే ప్రతి ముక్కా అర్థమవుతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. తిడుతుందనుకున్నాను. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నాను ఒక్కపూటే తింతన్నానని నీకెవులు సెప్పినారే అమ్మీ?"

ఎవరూ చెప్పలేదు. ఆయన రాసుకోవాలని నేను అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఆవిడ గుమ్మానికీ మా గుమ్మానికీ మధ్య నాలుగడుగుల దూరం, మా ఇంట్లో రోజూ రెండు పూటలా పొయ్యి వెలుగుతుంది.